బస్సు చార్టు ఎవరి చేతిలో ఉంది? రెడ్‌బస్ ఫణీంద్ర కథ

ఇవాళ్టి ఎపిసోడ్ దిండి నుంచి. నా వెనక కనిపిస్తున్నది వశిష్ఠ గోదావరి. ఆ వంతెన దాటితే చించినాడ, అక్కణ్ణుంచి పాలకొల్లు. దిండి అనగానే అందరూ హౌస్‌బోట్ల గురించి అడుగుతారు. నేను మాత్రం బస్సు గురించి చెప్పడానికొచ్చాను.

ఎందుకంటే కోనసీమకి ఇప్పటికీ రైలు లేదు. బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న రోజుల్లో మంజూరైన కోటిపల్లి–నర్సాపురం లైను ఇంకా పూర్తి కాలేదు. ఇక్కడివాళ్ళు రైలెక్కాలంటే గోదారి దాటి పాలకొల్లో నర్సాపురమో వెళ్ళాలి. అందుకే హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రాజోలు కుర్రాడికి సంక్రాంతి అంటే ముందు బస్సు టికెట్టు, తర్వాతే కోడిపందేలు.

ఆ టికెట్టు అమ్మే పద్ధతిని మార్చినాయన నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చాడు. పేరు ఫణీంద్ర సామ. బిట్స్ పిలానీలో చదివి, బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చిప్ డిజైన్ చేసేవాడు. 2005 దీపావళికి ఊరెళ్దామని ఏజెంట్ల చుట్టూ తిరిగాడు. ఎక్కడా సీటు దొరకలేదు. రూమ్మేట్లంతా ఊళ్ళకి పోయారు, తను ఒక్కడే గదిలో మిగిలాడు. ఈ కథ చాలామంది చెప్పారు, మీరూ వినే ఉంటారు. కానీ అందరూ ఇక్కణ్ణుంచి ఒక్క గెంతులో కోట్ల దగ్గరికి వెళ్ళిపోతారు. నాకు ఆసక్తి మధ్యలో ఏం జరిగిందనేదాని మీద.

అప్పట్లో ప్రైవేటు బస్సు సీటు ఎలా అమ్ముడయ్యేదో చూడండి. చార్టు ట్రావెల్స్ ఆఫీసులో ఉండేది. ఏజెంటు ఫోన్ చేసి "సీటుందా?" అని అడిగితే అవతలివాళ్ళు చార్టు చూసి, పెన్నుతో గడి కొట్టేసేవాళ్ళు. ఏజెంటుకి తనకి తెలిసిన నాలుగైదు ట్రావెల్స్ గురించే తెలుసు. పక్క వీధి ఏజెంటు దగ్గర ఏముందో తెలీదు. కాబట్టి ఒక బస్సులో సీట్లు ఖాళీగా పోతుండగానే, ఇంకో చోట మనిషి టికెట్టు దొరక్క వెనక్కి తిరిగేవాడు. రిటర్న్ టికెట్టు అయితే మరీ కష్టం, అది అవతలి ఊళ్ళో తీసుకోవాల్సిందే.

ఫణీంద్ర, ఇద్దరు బిట్స్ స్నేహితులు చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి కలిసి ముందు ఏం చేశారంటే, బస్సు యజమానుల కోసం ఒక సాఫ్ట్‌వేర్ తయారు చేశారు. ఉచితంగా ఇస్తామన్నారు. ఎవరూ తీసుకోలేదు! నేనూ కోడ్ రాసినవాణ్ణే కాబట్టి చెప్తున్నా, మన ఇంజనీర్లకి ఇది అస్సలు మింగుడుపడదు. మంచి వస్తువు, పైగా ఫ్రీ, ఎందుకు వద్దంటారు? యజమాని వైపు నుంచి చూస్తే జవాబు సులువే. సీజన్‌లో బస్సు నిండుతోంది, ఏజెంటు నమ్మకస్తుడు, ఫోన్ పనిచేస్తోంది. ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళ కంప్యూటర్‌లో తన చార్టు ఎందుకు పెట్టాలి?

అప్పుడు వీళ్ళు దారి మార్చుకున్నారు. సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి తామే ఏజెంట్లలా మారారు. "మాకు కొన్ని సీట్లివ్వండి, అమ్మిపెడతాం" అన్నారు. 2006 ఆగస్టులో రెడ్‌బస్ అలా మొదలైంది. ఐటీ ఆఫీసుల బయట నిలబడి కార్డులు పంచారు. టికెట్టు ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. మంచి జీతం ఉద్యోగం వదిలేసి రోడ్డు మీద కార్డులు పంచడం... మన ఇళ్ళల్లో ఒప్పుకుంటారా? పెళ్ళిసంబంధాలు కూడా ఆగిపోతాయి.

టై అనే పారిశ్రామికుల సంస్థలో పెద్దవాళ్ళు దారి చూపించారు. 2007లో సీడ్‌ఫండ్ పెట్టుబడి పెట్టింది. సీట్లు అమ్ముడవుతున్నకొద్దీ యజమానులకి నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం వచ్చాకే సాఫ్ట్‌వేర్ లోపలికెళ్ళింది. యజమానుల కోసం బాస్ అని ఒకటి, ఏజెంట్ల కోసం సీట్‌సెల్లర్ అని ఇంకొకటి. అంటే ఏజెంట్లని తరిమెయ్యలేదు, వాళ్ళనీ అదే చార్టు ముందు కూర్చోబెట్టారు. నా దృష్టిలో ఫణీంద్ర తెలివి మొత్తం ఇక్కడే ఉంది.

2013 జూన్‌లో ఐబిబో గ్రూప్ రెడ్‌బస్‌ని కొనేసింది. ధర అధికారికంగా చెప్పలేదు, పత్రికలు మాత్రం వందల కోట్లని రాశాయి. తర్వాత 2017లో ఐబిబో మేక్‌మైట్రిప్‌లో కలిసింది. ఇప్పుడు పెరూ, కొలంబియా, మలేషియాల్లో కూడా రెడ్‌బస్ మీద సీట్లు కొంటున్నారు.

ఫణీంద్ర అమ్మకం తర్వాత కంపెనీ నుంచి తప్పుకుని, కొత్త స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే వైపు వచ్చాడు. 2018లో తెలంగాణ ప్రభుత్వానికి మొదటి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్ అయ్యాడు. ఇది కొద్దికాలమే సాగింది.

ఒక్క మాట ఉంది. సంక్రాంతి ముందు వారం యాప్ తెరిస్తే హైదరాబాద్ నుంచి రాజోలు రేటు చూసి గుండె జారుతుంది. చార్టు ఇప్పుడు అందరికీ కనిపిస్తోంది, నిజమే. కానీ సీట్లు ఎన్ని ఖాళీగా ఉన్నాయో మనతో పాటు యజమానికీ క్షణాల్లో తెలుస్తోంది, రేటు ఎప్పుడు పెంచాలో కూడా. పోయిన పండక్కి నేను మూడు రెట్లు కట్టి వచ్చాను. పక్క సీటాయన అమలాపురం పెద్దాయన. "అప్పుడు దొరికేది కాదు బాబూ, ఇప్పుడు దొరుకుతుంది కానీ కొనలేం" అన్నాడు. చించినాడ వంతెన ఎక్కేసరికి తెల్లారింది, ఆయన చెప్పులేసుకుని సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.