ఫెర్నుల లోయలో గబ్బిలాలు

తెల్లవారుతోంది. రాత్రంతా మేతకు తిరిగిన గబ్బిలాలు యారా నది మీదుగా వెనక్కి వస్తున్నాయి. కొమ్మ అందగానే తలకిందులై, పక్కదానితో చోటు కోసం కీచుమంటూ కొట్లాట. కింద ఫెర్న్ మట్టల నిండా రెట్ట. ఘాటైన కవురు వాసన కాలిబాట దాకా కొడుతోంది.

ఇది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్. 1846లో మొదలైన రాయల్ బొటానిక్ గార్డెన్స్‌లో ఫెర్నులు పెంచే చల్లటి లోయ. 2001 వేసవి. ఈ గబ్బిలాల్లో కొన్నింటిని చంపి మిగతావాటిని బెదరగొట్టాలన్న ఆలోచన నగరాన్ని రెండుగా చీల్చిన రోజులు. ఈ కథలో మాట్లాడే ఇద్దరు, పాత తోటమాలి, అనాథ గబ్బిలం పిల్లల్ని సాకే ఆమె, నా కల్పన. వాళ్ల మాటలూ నావే. వాళ్ల చుట్టూ నడిచిన చరిత్ర మాత్రం యథార్థం.

"ఆ చెట్టు చూడండి" అన్నాడు తోటమాలి. "నేను పనిలో చేరినప్పుడు మధ్యాహ్నం దాని నీడలోనే తినేవాళ్లం. ఇప్పుడు ఆకేది? ఇవి వాలి, రాలగొట్టి, కొమ్మలు విరిచి మోడు చేశాయి. చెట్టు పోతే ఇంకోటి నాటొచ్చు. నూరేళ్ల వయసు ఎక్కణ్ణుంచి తెచ్చి నాటను?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. చేతిలో గుడ్డ చుట్టిన పిల్ల ఉంది. రేబిస్ టీకా వేయించుకున్నవాళ్లే వీటిని ముట్టుకోవాలన్నది అక్కడి నియమం. గబ్బిలాల్లో రేబిస్‌కు దగ్గరి చుట్టమైన లిస్సావైరస్ 1996లో బయటపడింది మరి. పిల్ల తన బొటనవేలి కొక్కెంతో ఆమె చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. తల్లి పొట్టకు అంటిపెట్టుకునే వయసు దానిది.

"ఒక తల్లి ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది" అంది చివరికి. "మీరు పాలిచ్చే తల్లిని చంపితే లెక్కలో ఒకటే రాస్తారు. పోయేది రెండు."

తోటమాలి బాధను చులకన చేసి ఈ కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. విలియం గిల్‌ఫాయిల్ 1873 నుంచి తీర్చిదిద్దిన తోట అది. దాన్ని కళ్లముందే ఎండిపోనివ్వడం ఏ తోటమాలికీ సాధ్యం కాదు. కానీ ఆ తోటలోకి గబ్బిలాలు ఎందుకు వచ్చాయో అడగకుండా వాటిని నేరస్థుల్ని చేయడం అన్యాయం.

బూడిదరంగు తల, మెడ చుట్టూ ఎర్రటి జూలు, రెక్కలు చాస్తే దాదాపు మీటరు. గ్రే హెడెడ్ ఫ్లయింగ్ ఫాక్స్ అంటారు దీన్ని. ఆస్ట్రేలియాలో తప్ప మరెక్కడా పుట్టదు. 1986 ముందు మెల్‌బోర్న్‌కు వచ్చినా నిలిచేది కాదు. ఆ ఏడాది చిన్న గుంపొకటి తోటలో స్థిరపడింది. 2003 నాటికి 20,000 దాటాయి. తూర్పు తీరాన అడవులు నరికేశారు. నగరంలోనేమో వీధివీధినా పూల యూకలిప్టస్‌లు, పండ్ల మర్రిజాతి చెట్లు నాటారు. కిర్‌స్టన్ పారిస్, డోనా హేజెల్ 2005లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి పట్టుకుంది. కట్టడాల వేడి, తోటలకు పెట్టే నీళ్లు కలిసి మెల్‌బోర్న్ వాతావరణాన్నే వీటికి అనువుగా మార్చాయని. అంటే పిలిచి పీట వేసింది నగరమే.

చంపొద్దన్నవాళ్ల వాదనలో జాలి ఒక్కటే లేదు. ఈ తోట గుంపు తనంతట తానుగా ఉండే మంద కాదు. పూతను బట్టి వందల కిలోమీటర్లు తిరిగే జాతి ఇది. ఈ రోజు ఈ కొమ్మకు వేలాడేది వచ్చే నెల వేరే రాష్ట్రంలో ఉండొచ్చు. వెయ్యి చంపితే ఆ చోటుకు ఇంకో వెయ్యి వస్తాయి. చెట్టుకు ఒరిగేదేమీ లేదు, జాతి మాత్రం తరుగుతుంది. రాత్రిపూట పుప్పొడి మోసి, విత్తనాలు దూరతీరాల్లో జారవిడిచి అడవిని నిలబెట్టేది ఇవే. 2001లోనే కేంద్ర చట్టం దీన్ని ముప్పున్న జాతిగా నమోదు చేసింది. ప్రభుత్వమే కాపాడాలని రాసుకున్న ప్రాణిని నగరం నడిమధ్య ప్రజల తోటలో ఎలా చంపుతారన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు.

మనకూ ఈ ప్రశ్న పరాయిది కాదు. 1972 నాటి మన వన్యప్రాణి చట్టం పండ్లు తినే గబ్బిలాలను ఎలుకలు, కాకుల సరసన ఐదో షెడ్యూల్లో పడేసింది. చంపినా అడిగేవాడు లేడు. 2022 సవరణతో గానీ ఆ షెడ్యూలు పోలేదు.

మెల్‌బోర్న్‌లో చంపే మాట పక్కకు పోయింది. అప్పుడు గానీ బుర్రలకు పని పడలేదు. పిల్లలు సొంతంగా ఎగరగలిగి, తల్లులు మళ్లీ చూలు మోయని కాలం ఎప్పుడు? మార్చి నెలాఖరు. 2003లో అప్పుడే మొదలుపెట్టారు. గబ్బిలాలు వెళ్లే మునిమాపు వేళ, తిరిగొచ్చే వేకువన, పెద్ద పెద్ద శబ్దాలు. విసుగు పుట్టించే పని. ఇవాళ లోయ ఖాళీ అయితే రేపు పక్క పార్కులో ప్రత్యక్షం. ఐవన్‌హో దగ్గర నది వంపులో వాటికోసం చోటు ఎంచిపెడితే, అవి దాన్ని కాదని అదే నది ఒడ్డున యారా బెండ్ పార్కులో దిగాయి.

"మీరు చూపించిన చోటు వాటికి నచ్చలేదు" అన్నాడు తోటమాలి.

"మీ లోయ ఖాళీ అయింది కదా" అంది ఆమె. "చంపకుండానే."

"అయింది." అతను చివుళ్లు వేస్తున్న ఒక కొమ్మను వంచి చూశాడు. "ఇది కోలుకుంటుంది. అదిగో, అది కోలుకోదు."

ఆమె కాదనలేదు.

సిడ్నీ బొటానిక్ గార్డెన్ దగ్గరికి వచ్చేసరికి వాదం మారింది. అక్కడ చంపుతామని ఎవరూ అనలేదు. శబ్దాలతో తరమడానికి కేంద్రం అనుమతిచ్చినందుకే బ్యాట్ అడ్వొకసీ అనే సంస్థ ఫెడరల్ కోర్టుకు వెళ్లింది. 2011లో ఓడింది. 2012లో అక్కడా గబ్బిలాలను తరిమారు. కోర్టులో ఓడినా, ఆ వాదం వెనకున్న ప్రశ్న నాకు సబబుగానే తోస్తుంది: ఇక్కణ్ణుంచి లేపితే ఎక్కడికి పోతాయో ముందు చెప్పండి అని. మెల్‌బోర్న్ గబ్బిలాలు చేరిన యారా బెండ్‌లో 2019 డిసెంబరులో మూడు రోజుల ఎండలకు ఇవి వేల సంఖ్యలో చచ్చి రాలాయి. నలభై రెండు డిగ్రీలు దాటితే వీటి ఒళ్లు తట్టుకోలేదు. ఆ మూడు రోజులూ చెట్ల కింద పిల్లల్ని ఏరుకున్నది, చంపొద్దని అప్పుడు అరిచినవాళ్ల లాంటి మనుషులే.