ప్యాచ్ (లైనక్స్ కెర్నెల్)

లైనక్స్ కెర్నెల్‌కు పంపే కోడ్ సవరణను ప్యాచ్ అంటారు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టుకు ప్యాచ్‌లు నేటికీ ఎక్కువగా ఈమెయిల్‌లోనే వస్తాయి. ప్యాచ్‌లో తీసేసే వరుసకు ముందు మైనస్, చేర్చే వరుసకు ముందు ప్లస్ ఉంటాయి. మారింది ఒక్క అక్షరమే అయినా వరుస మొత్తం రెండుసార్లు కనిపిస్తుంది.

కెర్నెల్‌లో ఏ భాగం ఎవరి బాధ్యతో ‘మెయింటైనర్స్’ అనే ఫైలులో ఉంటుంది; ప్యాచ్ పంపేది వారికే. ఏం మార్చారో కోడే చెబుతుంది. ఎందుకు మార్చారో పంపినవారు రాయాలి. ఒక ప్యాచ్‌లో ఒకే మార్పు ఉండాలి. లోపం దిద్దుతూ పనిలో పనిగా ఖాళీలూ సర్దితే, విడదీసి మళ్లీ పంపమంటారు. ఇది చాదస్తం కాదు: రేపు ఏదైనా తేడా వస్తే ఆ ఒక్క మార్పునే వెనక్కి తీసుకోవచ్చు.

అడుగున ‘సైన్డ్-ఆఫ్-బై’ అంటూ పంపినవారి పేరు తప్పనిసరి. లైనక్స్ కోడ్ హక్కులపై ఎస్‌సీఓ అనే సంస్థ వేసిన దావా నేపథ్యంలో 2004లో వచ్చిన నియమమిది. అక్షరదోషం దిద్దే ప్యాచ్‌కూ మినహాయింపు లేదు.