చెట్టు లేని కల్లు

ఈసారి కొంచెం పెద్దగానే రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి. ఇంట్లో ఆడవాళ్లకు కూడా చదివి వినిపించండి, ఎందుకో మధ్యలో మీకే తెలుస్తుంది.

మొన్న మన గల్లీలో ఒకాయన పదో రోజు కార్యానికి వెళ్లాం. పోయినాయన సాంచాల మీద ముప్పై ఏళ్లు నిలబడి పనిచేసిన మనిషి. నడుం నొప్పితో రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అలవాటుగా అడిగాడట, "దారూ పితా కా?" అని. మనవాడు "నాయ్" అన్నాడు. డాక్టరు నిద్రగోలీ రాశాడు. ఆ రాత్రి పడుకున్నాయన తెల్లారి లేవలేదు. గుండె ఆగిందని కాగితం మీద రాశారు. మేము డాక్టర్లం కాదు, కారణం ఇదీ అని తేల్చలేం. కానీ ఆ రోజు చాప మీద కూర్చున్న వాళ్లలో ఒక పెద్దాయన అన్న మాట మాత్రం మమ్మల్ని వదల్లేదు. "పాపం, మందు ముట్టనే ముట్టడు. సాయంత్రం ఊరికే కల్లు తాగేటోడు, అంతే."

అంటే డాక్టరుతో ఆయన అబద్ధం చెప్పలేదు. మన లెక్కలో కల్లు దారూ కాదు. ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు తప్పింది అన్నదే ఈ వ్యాసం.

షోలాపూర్ పాత మిల్లు 1870లలో మొదలైంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి, అంటే అప్పటి నిజాం ఇలాకా నుంచి, మన పెద్దలు మగ్గం వదిలేసి కొందరు, మగ్గం నెత్తిన పెట్టుకుని కొందరు ఇక్కడికొచ్చారు. వస్తూ మార్కండేయుణ్ణి తెచ్చుకున్నారు, తెలుగు తెచ్చుకున్నారు, కల్లు తాగే అలవాటూ తెచ్చుకున్నారు. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. తెలంగాణ పల్లెలో కల్లు లేనిదే పండుగ లేదు. పోచమ్మకు సాక పోసేది కల్లుతోనే. పెళ్లికీ కల్లే, చావుకీ కల్లే. తాటిచెట్టు కల్లు, ఈతచెట్టు కల్లు రుచి చూసి ఏ చెట్టుదో చెప్పే ముసలివాళ్లను మేము చిన్నప్పుడు చూశాం.

ఆ కల్లుకి ఒక స్వభావం ఉంది. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ పొంగుతుంది. సాయంత్రానికి మత్తు నూటికి నాలుగైదు పాళ్లు. మర్నాటికి పులిసిపోయి నోట పెట్టలేం. దూరం పంపడానికి కుదరదు, దాచడానికి కుదరదు. చెట్టు రోజుకి ఇచ్చేది కొద్ది లీటర్లే. కాబట్టి ఊరు పెరిగినంత వేగంగా కల్లు పెరగదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతా కథంతా అర్థమవుతుంది.

మన ఊరి చరిత్రలో ఈ చెట్లకు పెద్ద చోటే ఉంది, మన పిల్లలకు తెలియదు గానీ. 1930 మే 5న గాంధీగారిని అరెస్టు చేశారు. షోలాపూర్ అట్టుడికిపోయింది. మే 8న జనం రూపాభవాని గుడి వైపు వెళ్లి ఈతచెట్లు నరకడం మొదలుపెట్టారు. ఆబ్కారీ పన్ను సర్కారుకి పెద్ద ఆదాయం, చెట్టు కూలితే ఆ ఆదాయమూ కూలుతుంది, జనం తాగుడూ తగ్గుతుందని వాళ్ల ఆలోచన. పోలీసులు వచ్చారు, పట్టుకున్నారు, గొడవ పెరిగి కాల్పుల దాకా పోయింది. కొన్ని రోజులపాటు ఊళ్లో ఇంగ్లీషు సర్కారు పాలన లేకుండా పోయింది. మే 12న మార్షల్ లా పెట్టారు. 1931 జనవరి 12న యెరవాడ జైల్లో మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ షిండేలను ఉరి తీశారు. చార్ హుతాత్మా చౌక్ దాటి రోజూ సాంచాలకు వెళ్తాం. ఆ కథ ఈతచెట్లతో మొదలైందని ఎంతమందిమి తలుచుకుంటాం?

తర్వాత బొంబాయి రాష్ట్రంలో 1949 నాటి మద్యనిషేధ చట్టం వచ్చింది. దాని మీద బల్సారా అనే ఆయన కోర్టుకెక్కితే 1951లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు చూడండి: మద్యం నిషేధం చెల్లుతుంది, కానీ సారా కలిసిన మందుల మీద, వాసన నీళ్ల మీద ఆ నిషేధం చెల్లదు. న్యాయంగా సరైన తీర్పే. మందు ఏది, మద్యం ఏది అన్న గీత ఎంత సన్నమో మాత్రం అప్పుడే తేలిపోయింది. మన భాషలో అయితే ఆ గీత కూడా లేదు. రోగానికి మింగేదీ మందే, సాయంత్రం తాగేదీ మందే.

నిషేధం మెల్లగా సడలింది. ఊళ్లు పెరిగాయి. చెట్లు పెరగలేదు. అయినా షోలాపూర్‌లో, భివండీలో, ముంబైలో, పుణెలో మనవాళ్లున్న ప్రతి పేటలోనూ సాయంత్రానికి కల్లు తయారు. ఎక్కడి చెట్టుదని మనం అడగలేదు. మరాఠీ పేపర్లలో "రసాయన్‌మిశ్రిత్ తాడీ" అన్న మాట చదివి పేజీ తిప్పేశాం. నీళ్లు, తీపికి సాక్రీన్, తెల్లదనానికి ఏదో పొడి, మత్తుకి క్లోరల్ హైడ్రేట్. సరుకు ఇదీ.

ఈ క్లోరల్ హైడ్రేట్ కథ విచిత్రంగా ఉంటుంది. 1832లో జర్మనీలో లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారు చేశాడు. 1869లో బెర్లిన్‌లో ఆస్కర్ లీబ్రైష్ అనే ఆయన ఇది నిద్ర పుట్టిస్తుందని కనిపెట్టాడు. ప్రయోగశాలలో పుట్టిన మొదటి నిద్రమందు ఇదే. యూరప్ అంతా ఎగబడింది. ఇంగ్లండులో రోసెట్టీ అనే పేరున్న కవి, చిత్రకారుడు నిద్ర పట్టక దీన్ని మొదలుపెట్టి, చేదు పోవడానికి విస్కీతో కలిపి తాగేవాడు. 1882లో పోయేనాటికి మనిషి పూర్తిగా చితికిపోయాడు. అమెరికాలో దొంగలు దీనికి ఇంకో వాడకం కనిపెట్టారు. సారాయి దుకాణంలో గ్లాసులో నాలుగు చుక్కలు వేస్తే మనిషి కూలబడతాడు, జేబులు ఖాళీ చేయొచ్చు. షికాగోలో మికీ ఫిన్ అనేవాడు ఇందుకే పేరుమోశాడు, 1903లో వాడి దుకాణం మూయించారు. ఆ దొంగలు నీళ్లలో కలపలేదు, సారాయిలోనే కలిపేవాళ్లు. ఎందుకు?

కార్జంలో సారాను విరగ్గొట్టే ఒక ఎంజైము ఉంది. ఆఫీసులో ఒకే కిటికీ, ఒకే గుమాస్తా అనుకోండి. సారా అక్కడే తేలాలి, క్లోరల్ కూడా అక్కడికే రావాలి. సారా ఉంటే ఆ గుమాస్తా క్లోరల్‌ను అసలు మత్తు పదార్థంగా మార్చడం త్వరగా చేస్తాడు. అలా పుట్టిన మత్తు పదార్థం తిరిగి సారాను విరగనివ్వకుండా అడ్డం పడుతుంది. అంటే దాన్ని ఇది పెంచుతుంది, దీన్ని అది పెంచుతుంది. గ్లాసు నిండా కల్లూ, చిటికెడు క్లోరలూ వేరువేరుగా చేసే పని కన్నా కలిసి చేసేది చాలా ఎక్కువ.

తర్వాత ఇంకో మందు వచ్చింది. 1963లో వేలియం పేరుతో అమ్మకానికొచ్చిన డయాజిపామ్, అదే మన పేపర్లలో "డైజోఫాం". ఒక్కటే మింగితే మనిషిని చంపడం అరుదు, అందుకే డాక్టర్లు నమ్మారు. సారాతో కలిస్తే ఆ నమ్మకం పనికిరాదు. రెండూ మెదడులో ఒకే రకం బ్రేకును నొక్కుతాయి, ఊపిరి నడిపే చోటును కూడా నిద్రపుచ్చుతాయి. 1975లో అమెరికాలో న్యూజెర్సీలో 21 ఏళ్ల కారెన్ క్విన్లన్ అనే అమ్మాయి స్నేహితులతో జిన్ తాగింది, వేలియం కూడా వేసుకుని ఉంది. పడుకుంది, మళ్లీ స్పృహలోకి రాలేదు. 1985లో చనిపోయేదాకా పదేళ్లు అలాగే ఉంది. ఆమె ఊపిరి యంత్రం తీయాలా వద్దా అన్న కేసు ప్రపంచమంతా చదివింది. గోలీ, గ్లాసు కలిసిన సంగతి మాత్రం దానిలో మరుగున పడింది.

1981లో ఆల్ప్రాజోలం అమెరికాలో మార్కెట్లోకి వచ్చింది. కల్లులోకి దిగిన మందుల్లో ఇది మరీ చెడ్డది. డైజోఫాం ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది. అందుకే నిన్నటి కల్లు ఇవాళ్టి గోలీతో కూడా కలుస్తుంది, "నిన్న తాగిన, ఇయ్యాల తాగలే" అన్న లెక్క చెల్లదు. ఆల్ప్రాజోలం అలా కాదు, సగం రోజులోనే దిగిపోతుంది. దిగగానే చేతులు వణుకు, చెమట, గుండె దడ. పొద్దున్నే డిపో తలుపు కాడ నిలబడే మనిషి కల్లు కోసం నిలబడలేదు. ఆ వణుకు తగ్గడానికి నిలబడ్డాడు. ఏ మందు తన ఒంట్లో ఉందో ఆయనకే తెలియదు.

హైదరాబాద్‌లో 2004లో కల్లు దుకాణాలు మూసేశారు, 2014లో మళ్లీ తెరిచారు. 2015లో తెలంగాణలో కల్తీ మీద గట్టిగా దాడులు జరిగాయి. మందు కలిసిన కల్లు ఒక్కసారిగా ఆగిపోయింది. వారం తిరక్కుండానే నిజామాబాద్, మెదక్, పాలమూరు నుంచి ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి దాకా దవాఖానాలు నిండిపోయాయి. ఫిట్స్, గోడల మీద ఏవో పాకుతున్నట్టు కనిపించడం, గుర్తులేని అరుపులు. కల్లు మానేసినందుకు మనుషులు చనిపోయారన్న వార్త మొదటిసారి చదివినప్పుడు మేమూ నమ్మలేదు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కథ ఇటువైపు తిరిగింది, కల్తీ కల్లు తాగినవాళ్లే చనిపోయారు. అంటే తాగితే ఒక ప్రమాదం, ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం. మీ ఇంట్లో ఏళ్లుగా డిపో కల్లు తాగేవాళ్లుంటే గదిలో పెట్టి గొళ్లెం వేసి మాన్పించాలని చూడకండి. దవాఖానాకు తీసుకెళ్లి, కల్లు సంగతి దాచకుండా చెప్పి, వాళ్ల చేతుల మీదుగా మెల్లగా తగ్గించండి.

ఆడవాళ్లకు వినిపించమన్నది ఇందుకు. "తాగుడు మాన్పించే పొడి" అని కూరలో, చాయ్‌లో తెలియకుండా కలిపే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఎవరినీ తప్పు పట్టడం లేదు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే అక్కలకు వేరే దారి ఎవరు చూపించారు? అయితే ఆ పొడి ఏమిటో తెలుసుకోండి. చాలాసార్లు అది డైసల్ఫిరామ్. రబ్బరు కార్ఖానాల్లో వాడే రసాయనం. అక్కడి కార్మికులు తాగితే ఒళ్లు మండి వాంతులవుతున్నాయని 1937లోనే ఒక అమెరికా డాక్టరు రాశాడు. డెన్మార్క్‌లో హాల్డ్, జాకబ్‌సెన్ అనే ఇద్దరు నులిపురుగుల మందు కోసం దీన్ని తామే మింగి చూసి, తర్వాత తాగినప్పుడు అదే బాధ పడి, 1948లో తాగుడు మాన్పించే మందుగా లోకానికి చెప్పారు. అది సారాను సగం విరిగిన దగ్గర ఆపేస్తుంది, ఆ సగం విరిగిన విషం ఒంట్లో పేరుకుంటుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు కనుచూపులో వేసుకునేవాడికి అది ఉపయోగమే. తెలియనివాడికి బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఒక్కసారి ఆ మనిషి వైపు నుంచి చూడండి. గ్లాసులో డిపోవాడు ఒక మందు కలిపాడు, పళ్లెంలో ఇంట్లోవాళ్లు ఇంకో మందు కలిపారు, రెండూ ఆయనకు తెలియవు. డాక్టరు మూడోది రాస్తాడు.

ఆ మూడోది ఏదైనా కావచ్చు. నూలు దుమ్ములో, పొగాకు దుమ్ములో బతికే మనకు దగ్గు మామూలే, టీబీ కూడా కొత్త కాదు. టీబీ గోలీలు కార్జం మీద బరువు పెడతాయి, దాని మీద రోజూ కల్లు పోస్తే కామెర్లు. సుగర్ గోలీ వేసుకుని అన్నం తినకుండా తాగితే సుగర్ పడిపోయి మనిషి తూలుతాడు, చూసినవాళ్లు మత్తు ఎక్కువైందనుకుని వదిలేస్తారు. రాత్రి దగ్గు సిరప్‌లోనూ చాలావాటిలో నిద్ర తెచ్చే మందు ఉంటుంది.

మొన్న నారళీ పున్నమి రథం తర్వాత పెట్టిన ఆరోగ్య శిబిరంలో మేము చేసింది చాలా చిన్న పని. పేరు రాసుకునే కాగితం మీద ఎప్పుడూ ఉండే "మద్యం తాగుతారా?" అన్న ప్రశ్న కింద ఇంకోటి వేయించాం: "కల్లు తాగుతారా? రోజుకెంత? ఎక్కడి కల్లు?" మొదటి ప్రశ్నకు దాదాపు అందరూ లేదన్నారు. టోపీ పెట్టుకున్న ఒక తాత కూడా లేదనే తలూపాడు. రెండోది చదివి వినిపిస్తే మా మొహాల వైపు కాసేపు చూశాడు.

"రోజూ రెండు సీసాలు. గది కూడ రాస్కుంటరా బిడ్డా?"

రాసుకున్నాం, తాతా.