కంప్యూటరు ఆటల యంగళ్లు

సంతలో సరకు నమ్ముకొనువాఁడు ఆశీలు చెల్లించుట మన మెఱిఁగినదే. చుట్టుప్రక్కల సంత యొక్కటియే యైనచో ఆశీలుదారుని మాటయే శాసనము. ప్రక్కయూర మఱియొక సంత వెలసినచో వాఁడును దిగివచ్చును. ఈ న్యాయము కంప్యూటరు ఆటల వర్తకమున నెంతవఱకు ఫలించినదో నేఁడు మీకు మనవి చేసెదను.

పూర్వము ఈ యాటలు డిస్కులపై నెక్కింపఁబడి, పెట్టెలలో దుకాణములందు దొరకెడివి. అమెరికాలోని వాల్వ్ సంస్థవారు 2003 సెప్టెంబరులో స్టీమ్ అనుదానిని ఇంటర్నెట్టున నెలకొల్పిరి. మొదట నది వారి యాటలకు సవరణలు పంపు సాధనము. 2004 నవంబరులో హాఫ్-లైఫ్ 2 అను నాటను వెలువరించి, పెట్టెలో కొన్నవారు సైతము స్టీమ్ ద్వారముననే యాడవలెనని నియమించిరి. జనులు గొణిగిరి, అయినను చేరిరి. 2005 నుండి ఇతరుల యాటలును అచ్చట నమ్ముడుపోసాగెను. నూటికి 30 వంతులు అంగడికి, 70 వంతులు ఆట చేసినవారికి అనునది వాడుకయై నిలిచెను.

పోటీదారులు లేకపోలేదు. 2011లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారు ఆరిజిన్ అను సొంత యంగడి తెఱచిరి. కాని 2019లో మరల స్టీమునకే సరకు తెచ్చిరి. కొనువారి మిత్రులును, వారు మునుపు కొన్న యాటలును అచ్చటనే యుండుటచేత వారిని కదల్చుట కష్టము.

2018 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ వారు నూటికి 12 వంతులే చాలునని అంగడి తెఱచిరి. ఫోర్ట్‌నైట్ అను నాటవలన గడించిన ధనముతో కొన్ని యాటలను ఉచితముగ పంచిరి; మఱికొన్నిటిని కొంతకాలము తమయొద్దనే యమ్మునట్లు ఒప్పందములు చేసికొనిరి. దానికి కొలఁదిదినముల ముందే వాల్వ్ వారు అమ్మకము కోటి డాలర్లు దాటిన పిమ్మట 25, అయిదుకోట్లు దాటిన పిమ్మట 20 వంతులని తగ్గించిరి. చిన్న కర్తలకు మాత్రము 30 వంతులే మిగిలెను. 2021 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ వారును కంప్యూటరు ఆటలపై 12 వంతులకు దిగిరి.

ఆశీలు తగ్గినది, మఱి కొన్నవాని హక్కు? స్టీమున కొన్న యాటను మరల నమ్మరాదు, ఖాతాను ఒరులకు బదలాయింపరాదు. ఇట్టిచోట్ల “కొనుఁడు” అను మాట వాడునప్పుడు, లభించునది అనుమతి మాత్రమే యని స్పష్టముగ తెలుపవలెనని కాలిఫోర్నియా రాష్ట్రపు శాసనము 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. పోలండున 2008లో వెలసిన జీఓజీ యను నంగడిలో మాత్రము, ఒకసారి దింపి దాఁచుకొన్న యాట నొంటిగ నాడుకొనుటకు మరల నంగడి తలుపు తట్టనక్కఱలేదు.

భూమి కొనుటకును కౌలునకు తీసికొనుటకును గల భేదము మీకు వేఱుగ చెప్పనేల? కౌలునకు గడువైన వ్రాసికొందురు. ఇందు నదియును లేదు. కావున మనుమఁడు “ఆట కొంటి” నన్నప్పుడు, అది సొంతమో అనుమతియో యడిగి తెలిసికొనుఁడు. అంగళ్లు పోటీపడినంతమాత్రమున కొన్నవాని హక్కు తనంత పెరుగదని నా యభిప్రాయము.