లల్లీ, పప్పీల అమ్మానాన్నల్ని విడదీసిందెవరు?

'లేత మనసులు' చూసిన ఎవరినైనా ఈ ప్రశ్న అడగండి. తడుముకోకుండా జవాబు చెబుతారు: అమ్మమ్మ. జి. వరలక్ష్మి వేసిన, డబ్బూ నోరూ రెండూ ఉన్న ఆ అత్తగారు. 1966లో ఏవీఎం వారు కృష్ణన్-పంజు దర్శకత్వంలో తీసిన ఈ సినిమాలో హరనాథ్, జమున భార్యాభర్తలు. కవలలిద్దరూ కుట్టి పద్మినే. తల్లి దగ్గర ఒక పిల్ల, తండ్రి దగ్గర ఒక పిల్ల పెరుగుతారు. బళ్ళో ఒకరికొకరు ఎదురుపడి, ఒకరింటికి ఒకరు వెళ్ళి, అమ్మానాన్నల్ని కలుపుతారు. అంతకుముందు ఏడాది ఇదే కథ తమిళంలో 'కుళందైయుం దైవముం'గా వచ్చి, ఆ భాషలో ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి అందుకుంది. 1968లో హిందీలో 'దో కలియా' అయింది. అందులో చిన్నారి కవలలు నీతూ సింగ్.

ఈ కథ పుట్టింది మద్రాసులో కాదు, హాలీవుడ్‌లోనూ కాదు. జర్మన్ రచయిత ఎరిక్ కేస్ట్నర్ 1949లో రాసిన పిల్లల నవల ఇది. పేరు 'దస్ డొప్పెల్టె లొట్షెన్'. 'ఇద్దరు లోటీలు' అని మనం చెప్పుకోవచ్చు. పైన వేసిన ప్రశ్నే ఆ పుస్తకాన్ని అడిగితే జవాబు వేరుగా వస్తుంది. అందులో కాపురం కూల్చిన అత్తగారెవరూ లేరు. కూలినదానికి కారణం భర్త.

లుడ్విగ్ పాల్ఫీ వియన్నాలో ఆర్కెస్ట్రా కండక్టరు, స్వరకర్త. ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు ఏడుస్తుంటే అతనికి సంగీతం కుదరలేదు. ఏకాంతం కోసం వేరే చోట గది తీసుకున్నాడు. చిన్న వయసు భార్య ఇద్దరు చంటిపిల్లలతో ఇంట్లో మిగిలింది. విడాకులయ్యాయి. పిల్లల్ని చెరొకరు పంచుకున్నారు. సృజనకి తనకంటూ ఒక గది కావాలని వర్జీనియా వూల్ఫ్ స్త్రీల తరఫున అడిగి అప్పటికి ఇరవై ఏళ్ళు. ఇక్కడ ఆ గది పురుషుడికి అడక్కుండానే దొరికింది. దాని అద్దె మాత్రం సంసారం కట్టింది. కేస్ట్నర్ ఈ మనిషిని దుర్మార్గుడిగా చూపించడు. అయితే వెనకేసుకురావటం కూడా ఉండదు.

మరి తల్లి? లూయిజ్‌లోటె మ్యూనిక్‌లో ఒక సచిత్ర వారపత్రికలో బొమ్మల సంపాదకురాలు. పగలంతా ఆఫీసు. తొమ్మిదేళ్ళ లోటి కూరలు కొంటుంది, వంట చేస్తుంది, పర్సు తన దగ్గరే పెట్టుకుంటుంది. ఈ చిన్నారి గృహిణిని చూస్తే నాకు ముచ్చట కన్నా దిగులే ఎక్కువ వేస్తుంది. ఉద్యోగం చేసే తల్లి ఇంటి చాకిరీలో మిగిలిన సగం ఎవరి మీద పడుతుందో రచయిత దాచలేదు. కానీ ఉద్యోగాన్ని తప్పుగానూ చూపలేదు. పైగా కథ మలుపు తిరిగేది ఆమె ఆఫీసు బల్ల మీదే. సెలవు శిబిరంలో ఒక ఫొటోగ్రాఫర్ కవలలిద్దరినీ కలిపి తీసిన ఫొటో ప్రచురణ కోసం ఆ పత్రికకే వస్తుంది. తన వృత్తిలో భాగంగా ఫొటోలు చూస్తూ ఆమె తన ఇద్దరు కూతుళ్ళనీ చూస్తుంది. నిజం ఆమెకి ఎవరో వచ్చి చెప్పింది కాదు.

ఇది ఊరికే వచ్చిన కల్పన కాదు. కేస్ట్నర్ తల్లి ఈడా మంగలిపని నేర్చుకుని, ఆ సంపాదనతో కొడుకుని చదివించింది. 1933లో నాజీలు అతని పుస్తకాలు తగలబెట్టారు. 1942లో ఈ కవలల కథని సినిమాకని అనుకున్నా, ప్రభుత్వం మళ్ళీ రాయనివ్వలేదు. పుస్తకం వచ్చేనాటికి జర్మనీ నిండా ఒంటరి తల్లులే. భర్తలు చనిపోయినవాళ్ళు, భర్తలు యుద్ధ ఖైదులో ఉన్నవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు. పిల్లలకి విడాకుల సంగతి చెప్పొచ్చా అని పెద్దలు అడుగుతారని కేస్ట్నర్‌కి తెలుసు. అందుకే కథ మధ్యలో ఆగి జవాబిస్తాడు. తల్లిదండ్రులు విడిపోయినందువల్ల బాధపడే పిల్లలు చాలామంది ఉన్నారనీ, విడిపోనందువల్ల బాధపడే పిల్లలూ అంతే ఉన్నారనీ అంటాడు. ఈ రెండో సగాన్ని గుర్తు పెట్టుకోండి. తర్వాత వచ్చిన సినిమాల్లో నాకది కనబడలేదు.

1961లో డిస్నీ సంస్థ 'ది పేరెంట్ ట్రాప్' తీసింది. కవలలుగా హేలీ మిల్స్. తండ్రికి కాలిఫోర్నియాలో విశాలమైన రాంచ్. తల్లి బోస్టన్‌లో పుట్టింట్లో ఉంటుంది. పత్రికాఫీసు పోయింది, బల్లా పోయింది. ఆ స్థానంలో రెండు పాత్రలు బలపడ్డాయి. ఒకరు తండ్రి డబ్బు కోసం అతన్ని పెళ్ళాడబోయే యువతి. రెండోవారు ఇంటి మీద అధికారం చెలాయించే అమ్మమ్మ. మొదటామె నవలలోనూ ఉంది గానీ, ఇంతగా ఆడించి, ఏడిపించి పంపేది సినిమాయే. రెండో ఆమె నవలలో లేనేలేదు. బోస్టన్‌లో విత్తనంగా పడిన ఆ అమ్మమ్మ నాలుగేళ్ళలో మద్రాసులో మానైంది.

మన వాళ్ళు చేసిన మార్పు చాలా తెలివైనది. విడాకులు తీసేశారు. చట్టం లేక కాదు. మద్రాసు రాష్ట్రం 1949లోనే, అంటే కేస్ట్నర్ నవల వచ్చిన ఏడాదే, హిందువులకి విడాకుల చట్టం చేసింది. 1955లో హిందూ వివాహ చట్టం దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది. తెర మీద మాత్రం కోర్టూ లేదు, లాయరూ లేడు. భర్త అలిగి వెళ్ళిపోతాడు, అంతే. అలగటానికి కారణం ఇల్లరికం.

ఈ ఇల్లరికం దగ్గర కొంచెం ఆగాలి. పెళ్ళయ్యాక ఇంకొకరింట్లో ఉండటం, వాళ్ళ మాట పడటం, సొంతవాళ్ళకి దూరం కావటం, చేతిలో పైసా లేకపోవటం: అల్లుడికి జరిగితే ఇది రెండున్నర గంటల విషాదం. కోడలికి ఇదే జీవితం కాబట్టి అది కథే కాదు. జమున అప్పటికే 'ఇల్లరికం' (1959)లో డబ్బున్నింటి అమ్మాయి, 'గుండమ్మ కథ' (1962)లో గారాల సరోజ. 'లేత మనసులు' వచ్చిన ఏడాదే 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ. ఇక్కడా ఆమె పేరు భామే. పొగరుబోతు ఆడపిల్ల మెడలు వంచే కథ ఆమె కోసం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఆమె ఎంత బాగా చేసిందంటే, వంగకముందున్న భామే మనకి గుర్తుండిపోతుంది. కాలేజీలో చదివిన ఈ భామ చదువుతో తర్వాత కథకి ఏ అవసరమూ రాలేదు.

వియన్నాలో మొగుడు చేసిన తప్పు బోస్టన్ దాటి మద్రాసు చేరేసరికి ముగ్గురు ఆడవాళ్ళు పంచుకున్నారు: వలలు వేసే యువతి, పెత్తందారు తల్లి, పొగరుబోతు భార్య. తండ్రి మాత్రం ప్రతి మజిలీలోనూ ఇంకాస్త మంచివాడయ్యాడు.

నేను దీన్ని చిన్నప్పుడు మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద చూశాను. పక్కన మా పిన్ని. ఆ వేసవికి ఆమె తన ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చేసి ఉంది. పిల్లలిద్దరూ అమ్మానాన్నల్ని కలిపే ఘట్టంలో హాలంతా ముక్కులు చీదుతుంటే, ఆమె కదలకుండా కూర్చుంది. ఇంటికొచ్చాక పెద్దలు సినిమానే ఉదాహరణగా తీసుకున్నారు. 'ఆ పసివాళ్ళకున్న బుద్ధి నీకు లేదేమే' అన్నారు. నెల తిరక్కుండా 'పిల్లల మొహం చూసి' ఆమె వెనక్కి వెళ్ళింది. ఆ పిల్లల్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. విడిపోనందువల్ల బాధపడే పిల్లల గురించి కేస్ట్నర్ రాసింది చాలా ఏళ్ళ తర్వాత చదివినప్పుడు నాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఇక చెరొక పిల్ల అన్న పంపకం సంగతి. సినిమాలో తండ్రి ఒక బిడ్డతో వేరుగా ఉంటే ప్రేక్షకులకి వింతగా అనిపించదు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, అతని 'తర్వాత' తల్లి. అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలని అదే చట్టం అంటుంది. అంటే పెంచే చాకిరీ ఆమెది, సంతకం అతనిది. రచయిత్రి గీతా హరిహరన్ తన మైనరు కొడుకు పేర బాండ్లు కొనబోతే, తండ్రి సంతకం కావాలని రిజర్వు బ్యాంకు ఆ దరఖాస్తు వెనక్కి పంపింది. ఆమె సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1999లో కోర్టు ఆ 'తర్వాత' అన్న మాటకి తండ్రి చనిపోయాక అని కాదు, తండ్రి బాధ్యత తీసుకోని పరిస్థితిలో అని అర్థం చెప్పింది. మాట మారలేదు, అర్థం మారింది. జర్మనీలోనూ పిల్లల విషయంలో ఆఖరి మాట తండ్రిదేనన్న నిబంధనని రాజ్యాంగ న్యాయస్థానం 1959లో గాని కొట్టెయ్యలేదు.

కేస్ట్నర్‌నీ మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆ మారుపెళ్ళి కూడా పిల్ల జబ్బుపడ్డాకే జరుగుతుంది. మళ్ళీ కాపురం పెట్టేది వియన్నాలో. మారేది ఆమె ఊరే. తండ్రి తన పనిగదిని ఇంటి ఎదురు వాటాకి తెచ్చుకుంటాడు. త్యాగం అంటే అతనికి అంతే.

1998లో నాన్సీ మేయర్స్ 'ది పేరెంట్ ట్రాప్'ని మళ్ళీ తీసింది. ఈసారి దర్శకురాలు స్త్రీ. కవలలుగా లిండ్సే లోహన్. తల్లికి ఉద్యోగం తిరిగొచ్చింది: లండన్‌లో పెళ్ళిగౌన్లు కుడుతుంది! కాపురం కూల్చబోయే ఆమెకీ ఉద్యోగం ఉంది, పబ్లిసిస్టు. ఏ ఉద్యోగం ఏ ఆడదానికి ఇచ్చారో చూడండి. 2014లో కేస్ట్నర్ నవలకి ఇంగ్లీషులో కొత్త అనువాదం వచ్చింది. అనువాదకురాలు అంథియా బెల్. లోపల ఫొటో ఉంది, ఆఫీసు బల్ల ఉంది, లూయిజ్‌లోటె ఉంది. అట్ట మీద పేరు మాత్రం 'ది పేరెంట్ ట్రాప్'.