ఎండోడాంటిక్స్: స్నాతకోత్తర శిక్షణ చరిత్ర

పంటి లోపలి మెత్తని కణజాలమైన దంతమజ్జకూ, వేరు చివర చుట్టూ ఉండే కణజాలానికీ వచ్చే వ్యాధులను అధ్యయనం చేసి చికిత్స చేసే దంతవైద్య శాఖను ఎండోడాంటిక్స్ అంటారు. చెడిపోయిన మజ్జను తీసివేసి, వేరులోని సన్నని నాళాలను శుభ్రపరచి, మళ్లీ సూక్ష్మజీవులు చేరకుండా పూడ్చే రూట్ కెనాల్ చికిత్స దీనిలో ప్రధానం. దంతవైద్య పట్టా పొందినవారందరూ ఈ చికిత్స చేయవచ్చు కానీ, వంకర వేర్లు, పూడుకుపోయిన నాళాలు, ఒకసారి చేసి విఫలమైన చికిత్సలు వంటి చిక్కు సందర్భాలకు ప్రత్యేక శిక్షణ అవసరమైంది. ఆ శిక్షణ చరిత్రలో అమెరికాది పెద్ద భాగం.

చికిత్స మాత్రం శిక్షణ కంటే పాతది. ఎడ్వర్డ్ మేనార్డ్ 1838లో గడియారపు స్ప్రింగును అరగదీసి నాళంలో దూర్చే పనిముట్టును తయారుచేశాడు. ఉమ్మి తగలకుండా పంటి చుట్టూ బిగించే రబ్బరు పొరను, అంటే రబ్బర్ డ్యామ్‌ను, శాన్‌ఫర్డ్ బార్నమ్ 1864లో వాడుకలోకి తెచ్చాడు. ఒక చెట్టు పాలనుంచి వచ్చే గట్టా పెర్చాతో నాళాలను పూడ్చడం 1867లో బౌమన్‌తో మొదలైంది. ఈ విద్య ఇలా నిలదొక్కుకుంటున్న కాలంలోనే, 1910లో, బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ఉపన్యాసం దాన్ని దెబ్బతీసింది. హంటర్ ప్రధానంగా తప్పుపట్టింది చీముపట్టిన పళ్ల మీద తొడుగులు, వంతెనలు బిగించే పద్ధతిని; నింద మాత్రం రూట్ కెనాల్ మీదికి మళ్లింది. నోటిలోని ఇన్‌ఫెక్షన్ నుంచే ఒంట్లోని అనేక రోగాలు పుడతాయన్న నమ్మకం బలపడి, కాపాడదగిన పళ్లను సైతం పీకివేయడం దశాబ్దాల పాటు సాగింది.

ఈ ఎదురుగాలిలోనూ కొందరు పట్టు వదలలేదు. అట్లాంటాకు చెందిన హ్యారీ జాన్‌స్టన్ తన వృత్తిని ఈ చికిత్సకే పరిమితం చేసుకోగా, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లూయీ గ్రాస్‌మన్ 1940లో దీనిపై ప్రసిద్ధమైన పాఠ్యగ్రంథం వెలువరించాడు. 1943లో షికాగోలో అమెరికన్ ఎండోడాంటిస్టుల సంఘం, 1956లో నిపుణుల అర్హతను పరీక్షించే బోర్డు ఏర్పడ్డాయి; 1963లో అమెరికన్ డెంటల్ అసోసియేషన్ దీన్ని ప్రత్యేక శాఖగా గుర్తించింది. మజ్జ బయటపడిన పన్ను సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో మానుతుందనీ, మామూలు ఎలుకల్లో కుళ్లుతుందనీ కాకెహాషి, అతని సహచరులు చూపిన ప్రయోగం 1965లో గానీ రాలేదు. అంటే గుర్తింపు ముందు దక్కి, అసలు శత్రువెవరో తేల్చిచెప్పే రుజువు ఆ తరువాత చేతికందింది.

శిక్షణలో ఏమి నేర్పాలన్నదాన్ని నిర్ణయించినవి చాలావరకు పనిముట్లే. నాళాన్ని గీకి శుభ్రపరిచే సన్నని పనిముట్లైన ఫైళ్ల అంకెలకు మొదట్లో ఒక్కో తయారీదారు వద్ద ఒక్కో కొలత ఉండేది. జాన్ ఇంగిల్ 1950ల చివర్లో ప్రతిపాదించిన ప్రామాణికత తరువాత, 15వ నంబరు ఫైలు అంటే కొన వద్ద 0.15 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి ప్రతి మిల్లీమీటరుకు 0.02 చొప్పున లావెక్కి, 16 మిల్లీమీటర్ల అంచు ముగిసేచోట 0.47 అని ఎక్కడైనా ఒకే అర్థం స్థిరపడింది. గురువు చెప్పిన క్రమాన్ని శిష్యుడు మరో ఊళ్లో, మరో కంపెనీ ఫైళ్లతో అదే విధంగా చేయగలిగింది దీనివల్లే. కేవలం స్నాతకోత్తర విద్య కోసం 1963లో నెలకొన్న బోస్టన్ విశ్వవిద్యాలయ దంతవైద్య పాఠశాలలో హెర్బర్ట్ షిల్డర్, నాళాన్ని పొడవునే కాక అన్ని దిశలలోనూ పూడ్చాలని 1967లో వాదించి, వేడిచేసిన గట్టా పెర్చాతో ఆ పద్ధతిని తరాల విద్యార్థులకు అలవరిచాడు.

1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ పళ్ల వరస సరిచేసే నికెల్ టైటానియం తీగతో ఫైళ్లు చేసి, అవి ఉక్కు ఫైళ్ల కంటే రెండు మూడు రెట్లు సులువుగా వంగుతాయని చూపారు. మోటారుతో తిరిగే ఈ రకం ఫైళ్లు వంకర నాళాల్లో పనిని తేలిక చేశాయి. అయితే ముందస్తు సూచన లేకుండా లోపలే విరగగలవు కనుక, విరిగిన ముక్కను తీయడమూ శిక్షణలో భాగమైంది. 1990లలో శస్త్రచికిత్స మైక్రోస్కోప్ ప్రవేశించి, ఆ దశాబ్దం ముగిసేలోగా అమెరికా కోర్సులలో తప్పనిసరైంది. పైదవడ మొదటి దవడపంటిలో బుగ్గవైపు ముందరి వేరుకు తరచుగా ఉండే రెండో నాళం దొరకక చికిత్సలు విఫలమయ్యేవి. మునుపు వేలికొసల స్పర్శతో వెతికిన దాని ముఖద్వారాన్ని విద్యార్థి ఇప్పుడు కంటితో చూస్తూ, సన్నని అల్ట్రాసానిక్ మొనతో పంటి గట్టి పదార్థమైన డెంటిన్‌ను కొద్దికొద్దిగా గీకి తెరుస్తాడు.

భారతదేశంలో రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కలకత్తాలో దంతవైద్య కళాశాల స్థాపించగా, 1948 దంతవైద్యుల చట్టం కింద మరుసటి ఏడాది డెంటల్ కౌన్సిల్ ఏర్పడింది. ఇక్కడ ఈ శాఖ అమెరికాలో వలె విడిగా కాక, పిప్పి పళ్లను పూడ్చి నిలిపే వైద్యంతో కలిసి కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ అండ్ ఎండోడాంటిక్స్ పేరిట మూడేళ్ల ఎం.డి.ఎస్. కోర్సుగా సాగుతోంది; అమెరికాలో కనీస వ్యవధి రెండేళ్లు. విద్యార్థులు పీకిన పళ్లను ప్లాస్టర్ దిమ్మెల్లో బిగించి సాధన చేసిన తరువాతే రోగుల వద్దకు వెళతారు. 2017 నిబంధనలు మొదటి ఏడాది చివర ప్రాథమిక వైద్యశాస్త్రాల పరీక్షను విడిగా పెట్టాయి. ప్రవేశాలు అదే ఏడాది నుంచి జాతీయ ప్రవేశ పరీక్ష అయిన నీట్ ద్వారా జరుగుతున్నాయి. గ్రాస్‌మన్ గ్రంథపు ఇటీవలి కూర్పులకు భారతీయ అధ్యాపకులే సంపాదకులు కాగా, 1959లో ఏర్పడిన హైదరాబాద్ ప్రభుత్వ దంతవైద్య కళాశాల మొదలుకొని తెలుగు రాష్ట్రాల్లోని పలు కళాశాలల్లో బి.డి.ఎస్. పూర్తిచేసినవారు ఈ కోర్సులోకి వస్తున్నారు.