ఎండకన్నెరిగిన బ్రతుకులు

సుఖముగా పెరిగిన బిడ్డను గూర్చి చెప్పునపుడు "ఎండకన్నెరుగని బిడ్డ" యని మన పెద్దలనుట కలదు. ఆ మాటకు సరిగా ఎదురు నిలిచినవాడు జాలరి. పొలము దున్నువానికి గట్టుమీద చెట్టునీడ యున్నది. బండి తోలువానికి బండిక్రింద కొంత చోటైన నున్నది. నడిసముద్రమున తెప్పపై నిలిచినవానికి తన నీడ తప్ప మరియొక నీడ లేదు. అదియు మిట్టమధ్యాహ్నమున పాదముల క్రింద అణగిపోవును.

అట్టివాడు తన యొడలిని ఎండబారినుండి ఎట్లు కాపాడుకొనెను? ఈ ప్రశ్నకు చరిత్ర యేమి సమాధానము చెప్పునో నేడు కొంత విచారింతము. ఎండనుండి చర్మరక్షణ యనగానే అంగళ్లలో అమ్మెడి లేపనపు సీసాలు మనకు స్ఫురించును. పెక్కుమంది ఆ చరిత్రను సీసాల చరిత్రగనే చెప్పుదురు. కాని సీసా పుట్టుటకు చాల పూర్వమే వలలాగు వారికి ఎండతో వ్యవహార మున్నది. శాస్త్రజ్ఞులు ఎండచేయు కీడును గుర్తించినది సైతము కొంతవరకు సముద్రముపై బ్రతికినవారి చర్మమును చూచియే.

ముందుగా ఒక విషయము గమనింపవలెను. తెరచాపల కాలమున జాలరికి గడియారము గాలియే. తెల్లవారకముందు నేలపైనుండి సముద్రమువైపు వీచు గాలి తెప్పను లోనికి గొనిపోవును. ప్రొద్దెక్కి నేల కాగిన పిమ్మట సముద్రపుగాలి మరలి, తెప్పను ఒడ్డునకు చేర్చును. అనగా ఎండ ముదిరిన వేళనే అతడు నీటిపై నుండుట తప్పదన్నమాట. రైతు మధ్యాహ్నము పని మానవచ్చును, జాలరి మానజాలడు. ఒడ్డున అలివివల లాగువారికిని, ఇసుకపై చేపలు పరచి ఎండబెట్టు స్త్రీలకును అదే గతి. పైనుండి పడు ఎండకు తోడు, ఇసుక నూటికి సుమారు 15 పాళ్లును, అలల నురుగు నూటికి సుమారు 25 పాళ్లును తీక్ష్ణకిరణములను తిరిగి పైకి చిమ్మునని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. కావున తలపై టోపీ యున్నవానికిని గడ్డము, పెదవులు, ముక్కు మాడుచునే యుండును.

ఈ బాధకు లోకమున పలుచోట్ల సముద్రజీవులు తమకు దొరకిన వస్తువులతోనే విరుగుడు కనుగొనిరి. ఫిలిప్పీను, మలేషియా, ఇండొనీషియా సముద్రములలో పడవలనే ఇండ్లుగా చేసికొని బ్రతికిన బజావు జాతి స్త్రీలు బియ్యపుపిండిలో మూలికలు కలిపి నూరి, ముఖమునకు దట్టముగా పూసికొని సముద్రముపై పోవుదురు. మడగాస్కరు పడమటి తీరమున వెజో జాలరుల స్త్రీలు సువాసనగల చెక్కను రాతిపై నీటితో అరగదీసి ఆ గంధమును ముఖమున పట్టువేయుదురు. బర్మాలో థనాకా చెట్టు బెరడుతో చేయునదియు ఇట్టిదే. మన యిండ్లలో సానపై గంధము తీయుట చూచినవారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూయిటు ప్రజలు మంచుపైనను నీటిపైనను వేటాడునపుడు, ఎముకతోనో కొయ్యతోనో చేసి, సన్నని చీలిక మాత్రమే విడిచిన కంటికప్పులు ధరించిరి. చర్మమునకే కాక కంటికిని ఎండ శత్రువని వా రెరుగుదురు.

మనవారి సంగతి చూతము. తూర్పుతీరపు జాలరి ఒంటిపై బట్ట తక్కువ. తలకు మాత్రము తువ్వాలు చుట్టుట మానడు. స్త్రీలు చేపలగంప క్రింద చుట్టకుదురు పెట్టి, కొంగు ముఖముపైకి లాగికొందురు. తాటాకు గిడుగు వానకే కాక ఎండకును పనికివచ్చెను. ఒరిస్సాలోని పూరీ తీరమున యాత్రికులను చేయిపట్టి అలలలో స్నానము చేయించు నులియాలు పెక్కుమంది తెలుగు మాటలాడు జాలరి కులములవారే. మొన తేలిన వారి అల్లిక టోపీ పూరీకి పోయివచ్చినవారందరికిని గుర్తుండును. ఆ టోపీ వారికి బిరుదువలె కనబడినను, అది నెత్తినెక్కుటకు మొదటి కారకుడు సూర్యుడే యని మన మూహింపవచ్చును.

ఇక శాస్త్రము త్రోవ. బహుకాలము వరకు ఎండలోని వేడియే చర్మమును కాల్చునని పండితులు తలచిరి. నిప్పువలెనే ఎండయు కాల్చుననుట సహజమైన ఊహయే. ఆ ఊహను కదలించినవారిలో లండను శస్త్రవైద్యుడు సర్ ఎవరార్డ్ హోం ఒకడు. అతనికి ఒక సందేహము కలిగెను. నల్లని వస్తువు వేడిని ఎక్కువగా పీల్చుకొనును గదా. అట్లైన మండుటెండల దేశములలోని ప్రజలకు నల్లని చర్మము మేలెట్లు చేయును? 1820వ సంవత్సరమున అతడు తన రెండు చేతులను మధ్యాహ్నపుటెండలో చాచి, ఒకదానిని నల్లగుడ్డతో కప్పి, రెండవదానిని విడిగా నుంచెను. రెంటిపైనను ఉష్ణమాపకములు పెట్టెను. గుడ్డక్రింది చేయి ఎక్కువగా వేడెక్కెను. కాని దాని కేమియు కాలేదు. విడిచేయి వేడి తక్కువైనను మాడెను. కాల్చునది వేడి మాత్రమే కాదనియు, వెలుతురులో మరియొక శక్తి కలదనియు దీనివలన తేలెను. నల్లదనము ఆ శక్తికి అడ్డుగోడ యని అతడు నిర్ణయించెను.

ఆ శక్తి యేదో అంతకు పూర్వమే 1801లో జర్మనీలో రిట్టరు అను శాస్త్రజ్ఞునికి కంటబడియుండెను. ఇంద్రధనుస్సు రంగులలో ఊదారంగునకు ఆవల, కంటికి కానరాని కిరణములు వెండిలవణమును నలుపెక్కించుట అతడు చూచెను. ఇవియే అతినీలలోహిత కిరణములు. చర్మమును, కంటిని మాడ్చునవి వేడికిరణములు కావు, ఈ అదృశ్యకిరణములే యని 1889లో స్వీడను దేశపు నేత్రవైద్యుడు విడ్‌మార్కు ప్రయోగముల మూలమున స్థాపించెను. 1891లో జర్మను వైద్యుడు హామరు క్వినైనును పూతగా వాడి ఈ కిరణములను అడ్డవచ్చునని చూపెను. మలేరియా జ్వరమునకు మన మెరిగిన ఆ చేదుమందే చర్మమునకు మొదటి రసాయనిక కవచములలో ఒకటి యగుట విశేషము.

ఇంతవరకు ఎండ చర్మమును ఆ పూట కాల్చుటయే తెలిసెను. ఏండ్లు గడచిన పిమ్మట అది యేమి చేయునో తెలిపినది ఓడరేవు. జర్మనీలోని హాంబర్గు గొప్ప రేవుపట్టణము. అచ్చట చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఊన్నా యొద్దకు జీవితమంతయు సముద్రముపై గడపిన నావికులు వచ్చుచుండిరి. వారి ముఖములు, మెడలు, చేతులు తోలువలె దళమెక్కి, మచ్చలు పడి, పొలుసులు కట్టి, కొందరిలో ఆ పొలుసులే రాచపుండుగా మారుచుండెను. బట్ట కప్పిన చోట చర్మము లేతగనే యుండెను. 1894లో అతడు ఈ స్థితికి "నావికుని చర్మము" అని పేరుపెట్టి వర్ణించెను. కొలది యేండ్లకే ఫ్రాన్సులోని బోర్డో పట్టణమున ద్యూబ్రేయి అను వైద్యుడు ద్రాక్షతోటల కూలీలలో ఇట్టి వ్యాధినే గుర్తించెను. ఒకరు నీటిపై పనివారు, ఒకరు నేలపై పనివారు. ఇరువురకును ఎండయే ఉమ్మడి యజమాని. 1928లో ఫిండ్లే అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు అతినీలలోహిత కిరణములను మాటిమాటికి సోకించి ఎలుకల చర్మమున రాచపుండు పుట్టించెను. అంతటితో శంక తీరెను.

ఇట్లు జబ్బు తెలిసినది పనివారి యొడలిపైన. మరి మందు ఎవరికి చేరెను? ఇక్కడనే చరిత్ర ప్రక్కత్రోవ పట్టినది. 1936లో ఫ్రాన్సు ప్రభుత్వము పనివారికి జీతముతో కూడిన రెండువారముల సెలవు శాసనము చేసెను. జనము సముద్రతీరములకు విహారము పోజొచ్చిరి. ఆ రోజులలోనే యూజీన్ షుల్లేరు సంస్థ ఎండనూనెను అమ్మకమునకు పెట్టెను. ఆ నూనె ఉద్దేశము చర్మము మాడకుండ అందముగా రంగు తేరుట. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఆస్ట్రియా దేశీయుడు ఫ్రాంజ్ గ్రైటరు కొండలెక్కువారి కొరకు ఒక లేపనము చేసెను. నిజముగా సముద్రముపై చిక్కుకొన్నవారిని తలచి ఎన్నిక చేసిన పూత ఒకటి మాత్రము కలదు. యుద్ధకాలమున ఓడ మునిగియో విమానము కూలియో తెప్పలపై కొట్టుకొనిపోవు సైనికుల కొరకు అమెరికా సైన్యము పశువైద్యమున వాడెడి ఎఱ్ఱని పెట్రోలియం జిడ్డును ఏర్పరచెను. అది బంకగా, అసహ్యముగా నుండెనట. కాని నీటికి కరిగిపోలేదు.

ఏ పూత ఎంత కాపాడునో కొలుచు మార్గమును 1956లో జర్మనీలో షుల్జె సూచించెను. 1974లో గ్రైటరు దానికి "ఎండరక్షణాంకము" అను ప్రచారము కల్పించెను. 1978లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ ఆ లెక్కను చేపట్టెను. నేడు సీసాపై కనబడు 15, 30, 50 అను సంఖ్యలు ఇవియే. అయితే ఆ సంఖ్య పరీక్షాశాలలో దట్టముగా పూసినపుడు వచ్చునది. సామాన్యముగా జనులు అందులో సగమో, అంతకు తక్కువయో పూసికొందురు. చెమటకు, నీటికి అది జారిపోవును గనుక రెండేసి గంటల కొకసారి మరల పూయవలెను. ఉప్పునీటిలో మునిగి తేలు చేతులతో, త్రాడు పట్టుజారరాని పనిలో, రోజుకూలికి సరిపోని వెలపెట్టి, జాలరి ఇది యెట్లు చేయగలడు? అంతియేగాక, కొన్ని లేపనములలోని రసాయనములు పగడపుదిబ్బలకు చేటుచేయునను భయముతో పలావు దేశము 2020 నుండియు, హవాయి రాష్ట్రము 2021 నుండియు వాటిని నిషేధించినవి. చేపలకు ఆటపట్టైన దిబ్బ చెడినచో నష్టపడువాడు మరల జాలరియే.

చేపలుపట్టు వారినే నేరుగా పరిశీలించిన ప్రసిద్ధ విచారణ ఒకటి అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమున జరిగెను. చెసాపీకు అఖాతమున పీతలు, ఆల్చిప్పలు పట్టి బ్రతుకు 838 మంది పనివారిని హ్యూ టేలరు మొదలగు వైద్యులు పరీక్షించి, ఒక్కొక్కడు జీవితమున ఎంత ఎండ తిన్నాడో, టోపీ పెట్టెనో లేదో, కండ్లద్దములు వాడెనో లేదో విచారించి లెక్కగట్టిరి. 1988లో ఫలితము ప్రకటింపబడెను. ఎండసోకు రెట్టింపైనచో కంటిలో ఒక జాతి శుక్లము ఏర్పడు అపాయము నూటికి 60 పాళ్లు హెచ్చునని తేలెను. వెడల్పు అంచుగల టోపీ ఒక్కటియే కంటిపై పడు కిరణములను ఇంచుమించు సగమునకు తగ్గించుననియు ఆ కాలపు కొలతలు చెప్పినవి. కోట్ల ధనముతో తేలిన ఈ సత్యమును చూచి పూరీ నులియా నవ్వుకొనవచ్చును.

"అదంతయు తెల్లవారి గొడవ, మన నల్లని యొడలి కేమగును?" అని కొందరనవచ్చును. ఇందు సత్యము లేకపోలేదు. 1979లో జరిగిన కొలతలలో, చర్మమును మాడ్చు కిరణములు తెల్లవారి పైచర్మము గుండ నూటికి సుమారు 24 పాళ్లు దూరగా, నల్లజాతివారి పైచర్మము గుండ సుమారు 7 పాళ్లే దూరినవి. ఎవరార్డ్ హోం ఊహ నిజమైనది. కావుననే మనలో ఎండవలని రాచపుండు అరుదు. కాని అరుదగుట వేరు, లేకపోవుట వేరు. పెదవులకు చర్మపు నలుపు అంతగా అడ్డురాదు. కంటికి అసలే రాదు. ముఖమున మంగు, చిన్నవయసుననే ముడుతలు, కంటి నల్లగ్రుడ్డుపైకి ప్రాకు కండ, శుక్లములు ఇవన్నియు నల్లవారికిని కలుగునవే. చూపు మందగించిన జాలరికి వల కన్ను కనబడదు, అల మలుపు కనబడదు. అతని జీవనమే పోవును. దానిని ముసలితనమని సరిపెట్టుకొనుట మన అలవాటు.

అట్లైన చేయదగిన దేమి? 1820 నాటి ఆ నల్లగుడ్డయే త్రోవ చూపుచున్నది. దట్టమైన నేత, ముదురురంగు, పొడుగుచేతులు గల చొక్కా కొంత ఉక్క పోయించినను కిరణములను బాగుగా ఆపును. పలుచని తెల్లబనీను తడిసి ఒంటికంటుకొన్నపుడు దానిగుండ కిరణములు మరింత సులభముగా దూరును. దానిని రక్షణ యనుకొనుట పొరపాటు. చెవులను, మెడను కప్పునట్టి అంచుటోపీ గాని, మెడపైకి జారవిడిచిన తువ్వాలు గాని మేలు. ముక్కుపైన, పెదవులపైన జింకు ఆక్సైడు తెల్లపూత చాలును. అది కొంచెమే పట్టును. పలుచని మబ్బు పట్టినదని ఏమరరాదు; కిరణములలో అధికభాగము దానిగుండ దిగివచ్చును. మన నీడ మనకంటె పొట్టిగా నున్నంతసేపును ఎండ తీక్ష్ణమని గుర్తుంచుకొన్న చాలును, గడియారముతో పనిలేదు.

సెలవునాడు సరదాకు గాలము పట్టుకొని చెరువుగట్టున కూర్చుండువారు ఈ జాగ్రత్తలను సులభముగా పాటింపగలరు. ఎండ హెచ్చినచో లేచి యింటికి పోవుట వారి చేతిలోని పని. అట్లు లేచిపోలేని వారికి, మన పళ్లెములోనికి చేప తెచ్చిపెట్టు వారికి, ఒక మంచి టోపీయు, ఒక గట్టి చొక్కాయు, ఏటేట ఒకసారి కంటిపరీక్షయు అందునట్లు చూచుట మన పని కాదా? నావికుని చర్మమును చూచి లోకము నేర్చిన పాఠమునకు నూటముప్పది యేండ్లు దాటినవి. ఆ ఋణము ఇంకను తీరలేదు.